పువ్వు తుంచితేనే చెట్టు

ఇక్కడ రోహిణి కార్తె ఎండకు రోళ్లు పగిలే రోజుల్లో జపాన్‌లోని కనుమా పట్టణంలో పూల సంబరం మొదలవుతుంది. టోక్యోకు ఉత్తరాన సుమారు వంద కిలోమీటర్ల దూరంలో, తొచిగి ప్రిఫెక్చర్‌లో ఉందీ ఊరు. మే చివర మొదలై జూన్ తొలి రోజుల దాకా సాగే ప్రదర్శనలో బల్లల మీద వరసగా కుండీలు పెడతారు. మూరెడు ఎత్తువి కొన్ని, అంతకు రెట్టింపువి కొన్ని. అన్నీ చెట్లేనంటారు గానీ చెట్టు కనిపించదు. కొమ్మ కనిపించదు, ఆకు కనిపించదు. తెలుపు, గులాబీ, కుంకుమ రంగు పూలు ఒకదాన్నొకటి తోసుకుంటూ కుండీ అంచుల దాకా కమ్మేసి ఉంటాయి. ఒకే చెట్టుకు ఒక పక్క తెల్లపువ్వు, దాన్ని ఆనుకుని ఎర్రచారల పువ్వు, ఇంకో కొమ్మన నిండు ఎరుపు. అంటు కట్టారేమో అనిపిస్తుంది. అంటు లేదు. ఆ మొక్క తత్వమే అంత. పేరు సాత్సుకి.

ప్రదర్శన అయ్యాక ఆ తోటల్లో జరిగే పని చూడటానికి మాత్రం జనం రారు. పెంపకందార్లు పూలన్నిటినీ చేత్తో తుంచేస్తారు. వాడినవాటితో పాటు ఇంకా నిగనిగలాడుతున్నవాటినీ, విచ్చుకోని మొగ్గలనూ కూడా. పై రేకులు లాగి వదిలేయరు, అడుగున ఉన్న అండాశయంతో సహా తీసేస్తారు. అది మిగిలితే కాయ కడుతుంది, గింజ పడుతుంది. చెట్టు బలం అటు పోతుంది. సాత్సుకి పెంపకంలో పనితనంలో ఎక్కువ భాగం ఈ తుంచడం దగ్గర మొదలై తర్వాతి నాలుగైదు వారాల్లో ముగుస్తుంది. వచ్చే ఏడు పూత ఎలా ఉంటుందన్నది ఆ రోజుల్లోనే ఖాయమవుతుంది.

సాత్సుకి అజేలియాల్లో ఒక రకం. రోడోడెండ్రాన్ జాతికి చెందినది. హిమాలయ వాలుల్లో ఎర్రగా పూసే బురాన్ష్‌కూ, ఊటీ పైన షోలా అడవుల్లో కనిపించే నీలగిరి రోడోడెండ్రాన్‌కూ చుట్టరికమే. తక్కిన అజేలియాలు ఏప్రిల్, మే నెలల్లో పూసి ముగించాక ఇది నెల ఆలస్యంగా అందుకుంటుంది. మన లెక్కలో జ్యేష్ఠమాసం అటూ ఇటూ. పాత జపాన్ పంచాంగంలో అది ఐదో నెల, ఆ నెల పేరే మొక్కకు పెట్టుకున్నారు.

బోన్సాయ్ అనగానే మనకు మెదిలేది పైన్, జునిపర్. ఏడాది పొడుగునా అదే ఆకుపచ్చ, అదే గాంభీర్యం. సాత్సుకి ఆ పంక్తిలో కూర్చోదు. జపాన్‌లో దీనికి వేరే సంఘాలున్నాయి, వేరే ప్రదర్శనలున్నాయి. టోక్యోలోని ఉయెనో పార్కులో ఏటా పూత రోజుల్లో జరిగే సాత్సుకి ప్రదర్శన వాటిలో పేరున్నది. దీన్ని బోన్సాయ్ అనాలా, పూల కుండీ అనాలా అన్న వాదన కూడా పాతదే. నా మటుకు నాకు ఆ వాదనలో పస కనిపించదు. పువ్వుకూ చెట్టుకూ ఇక్కడ ఉన్నది ఒకే ఖజానా. పూతకు ఖర్చుపెడితే కొమ్మ ఎదగదు, కొమ్మకు దాచిపెడితే ఆ ఏటికి పూత ఉండదు. పైన్ పెంచేవాడికి ఈ సంకటం లేదు. సాత్సుకి పెంచేవాడు ఏటా ఆ లెక్క తేల్చుకోవాల్సిందే. అందుకే బోన్సాయ్ విద్యల్లో దీన్ని తేలిక రకంగా చూడటం తప్పని నా అభిప్రాయం.

ఏటిరాళ్ల మీద పుట్టిన పొద

అడవి సాత్సుకి జపాన్ మధ్య, పడమటి ప్రాంతాల్లోనూ, దక్షిణాన యకుషిమా దీవిలోనూ కొండవాగుల ఒడ్డున బండరాళ్ల సందుల్లో పెరుగుతుంది. వాన పడితే వాగు పొంగి మొక్క మీదుగా పోతుంది. ఆకులు సన్నగా, చిన్నగా ఉండటంతో వరద ఒత్తిడికి తట్టుకుంటుంది. వేర్లు వెంట్రుకల కన్నా సన్నం, లోతుకు పోవు, పైపైనే చాపలా అల్లుకుంటాయి. రాతి మీద మట్టి తక్కువ, ఆకు కుళ్లు ఎక్కువ. ఆమ్లగుణం ఉన్న ఆ కాస్త పదునే దానికి ఆధారం. వేర్లలో కాపురముండే ఒక రకం శిలీంధ్రం అలాంటి నిస్సారమైన చోట పోషకాలు అందిస్తుంది. ఈ పుట్టుక గుర్తుంటే పెంపకం సగం వచ్చినట్టే. నీళ్లు నిలవకూడదు, కానీ ఒక్క పూటైనా వేరు ఎండకూడదు. సున్నం తగలకూడదు.

దీనికి తోడు యకుషిమా చుట్టుపక్కల దీవుల్లో, సముద్రపు ఒడ్డున గుండ్రని ఆకులతో పెరిగే ఇంకో అజేలియా ఉంది. ఈ రెంటి కలయికలోంచీ, కొమ్మల్లో తమంతట తాముగా వచ్చిన మార్పుల్లోంచీ వేలకొద్దీ రకాలు పుట్టాయి. ఎదో కాలంలో, అంటే ఇప్పటి టోక్యో అప్పటికింకా ఎదో అనే పేరుతో ఉన్నప్పుడు, జనానికి అజేలియాల పిచ్చి పట్టింది. ఆ నగరం శివారు సొమెయి గ్రామంలో ఇతో ఇహెయి అనే నర్సరీ యజమాని 1692లో ‘కిన్షూ మకురా’ అని ఐదు సంపుటాల పుస్తకం అచ్చువేశాడు. మూడువందలకు పైగా అజేలియా రకాలను బొమ్మలతో వర్ణించాడు. అజేలియాలనూ సాత్సుకినీ అందులో విడివిడిగా చూపాడు. ఒక తోటమాలి తన అమ్మకపు సరుకును అంత శ్రద్ధగా గ్రంథస్థం చేశాడంటే కొనేవాళ్లు ఎంత మంది ఉండి ఉంటారో ఊహించుకోవచ్చు.

1753లో లినేయస్ ఈ మొక్కకు ‘అజేలియా ఇండికా’ అని పేరు పెట్టాడు. ఇది పుట్టింది మాత్రం మన దేశంలో కాదు. తూర్పు నుంచి వచ్చే సరుకంతా ‘ఇండీస్’ సరుకే అనుకునే కాలమది. ఆ పేరే తర్వాత ‘రోడోడెండ్రాన్ ఇండికమ్’గా మారి ఇప్పటికీ చెలామణిలో ఉంది. పూల దుకాణాల్లో ‘ఇండికా’ పేరుతో అమ్మే ముద్దపూల కుండీ అజేలియా వేరే మొక్క. అది చైనా జాతి నుంచి ఐరోపాలో అభివృద్ధి చేసింది. పువ్వులో కేసరాలు లెక్కపెడితే తేడా తెలుస్తుంది. సాత్సుకి అసలు జాతికి ఐదే ఉంటాయి, చైనా జాతికి ఎక్కువ.

కనుమా సాత్సుకికి రాజధాని కావడం వెనుక ఒక అగ్నిపర్వతం ఉంది. పక్కనున్న గున్మా ప్రిఫెక్చర్‌లోని అకాగి పర్వతం సుమారు 45 వేల ఏళ్ల క్రితం పేలింది. గాలి తూర్పుకు వీచింది. నురగరాయి తునకలు కనుమా పరిసరాల్లో మందంగా పరుచుకున్నాయి. వాటి మీద తర్వాత మన్ను పేరుకుంది. ఆ పొరను తవ్వితే పాలమీగడ రంగులో, వేళ్ల మధ్య నలిగిపోయేంత మెత్తటి గుళికలు వస్తాయి. అదే కనుమా మట్టి. తేలిక, బోలు, నీళ్లు పీల్చుకుంటుంది గానీ గాలి ఆడనిస్తుంది. అన్నిటికీ మించి ఆమ్లగుణం. సాత్సుకికి కావలసింది సరిగ్గా అదే. చాలామంది పెద్ద పెంపకందార్లు మరో మన్ను కలపకుండా ఒక్క కనుమా గుళికలతోనే కుండీ నింపుతారు. ఇంకో సుఖం కూడా ఉంది. తడిగా ఉంటే పసుపుపచ్చగా, ఆరితే తెల్లగా మారుతుంది. నీళ్లు ఎప్పుడు పోయాలో మట్టే చెబుతుంది. లోపం ఒక్కటే. గుళికలు ఏళ్లు గడిచేకొద్దీ నలిగి పిండవుతాయి. అప్పుడు నీరు దిగదు, వేరు ఊపిరాడక కుళ్లుతుంది. అందుకే రెండు మూడేళ్లకోసారి, ముసలి చెట్లయితే ఇంకొంచెం ఆలస్యంగా, కుండీ మార్చక తప్పదు.

అడుగున బలం, తలన నీరసం

మామిడైనా వేపైనా బలం పైకి పాకుతుంది. కొన కత్తిరిస్తే పక్క కొమ్మలు లేస్తాయి, వదిలేస్తే కొన ఎగబాకుతుంది. బోన్సాయ్ నేర్చుకునేవాడికి మొదటి రోజు చెప్పే పాఠం ఇదే. పైకొమ్మలు గట్టిగా కత్తిరించు, కిందివాటిని కాపాడు అని. సాత్సుకి దగ్గర ఈ పాఠం తలకిందులవుతుంది. అది పొద కదా. దాని పట్టంతా మొదట్లో. కింది కొమ్మలు లావెక్కుతాయి, మొదలు చుట్టూ పిలకలు పుట్టుకొస్తాయి, శిఖరం మెల్లమెల్లగా నీరసించి ఒకనాడు ఎండిపోతుంది. పైన్ చేతివాటంతో దీన్ని కత్తిరిస్తే మూడు నాలుగేళ్లలో చెట్టు తల పోతుంది. కాబట్టి కింద గట్టిగా కోయాలి, పైన చేయి తేలిక చేయాలి. మొదట్లో వచ్చే పిలకలను ఎప్పటికప్పుడు చిదిమేయాలి.

అయితే మొదలు లావు కావాలనుకున్నప్పుడు ఈ గుణాన్నే వాడుకుంటారు. కనుమా పొలాల్లో లేత మొక్కలకు తీగ చుట్టి పాములా మెలితిప్పి నేలలో నాటుతారు. కింది కొమ్మలను ఏళ్ల తరబడి ఇష్టమొచ్చినట్టు పెరగనిస్తారు. అవి పెరిగేకొద్దీ మొదలు బలుస్తుంది, వేర్లు నేల పైకి వలయంలా విచ్చుకుంటాయి. పని తీరాక ఆ కొమ్మలను కోసిపారేస్తారు. ప్రదర్శనలో మనం మెచ్చుకునే ఏనుగుపాదం లాంటి మొదలు వెనుక అలా బలి అయిన కొమ్మలు ఎన్నో ఉంటాయి.

కోత పెట్టిన చోట అజాగ్రత్త పనికిరాదు. గాయానికి వెంటనే మందుముద్ద పూయాలి, లేదంటే కోత కింద కొయ్య ఎండి కుళ్లు లోపలికి దిగుతుంది. తీగ చుట్టేటప్పుడు మరింత జాగ్రత్త. సాత్సుకి కొమ్మ పెళుసు. పైన్ కొమ్మ వంగినట్టు వంగదు, టప్‌మని విరుగుతుంది. అందుకే తీగ కట్టబోయే ముందు నీళ్లు కొంచెం తగ్గిస్తారు, కొమ్మ మెత్తబడుతుంది. లావు కొమ్మలకు ముందు నార చుట్టి, దాని మీద తీగ చుట్టి, ఒక్కసారిగా కాకుండా విడతలుగా వంచుతారు. ఇన్ని నాజూకుల మధ్య దీనికి ఒక మొండితనం ఉంది. ముసలి మానును మోడుగా నరికినా, కొయ్య మీద ఆకన్నది లేకున్నా, కొన్ని వారాలకు చిగుళ్లు పుట్టుకొస్తాయి. పైన్‌కు ఇది చేతకాదు. తోటల్లో కంచెగా పెరిగిన పాత సాత్సుకి పొదలను తవ్వి, మోడు చేసి, మళ్లీ బోన్సాయ్‌గా తీర్చడం ఈ గుణం వల్లే సాధ్యమవుతుంది.

పూలు తుంచిన తర్వాతి వారాలకు వద్దాం. ప్రతి కొమ్మ కొనన, పువ్వు ఉన్న చోటు చుట్టూ, మూడు నుంచి ఐదు చిగుళ్లు గొడుగు పుల్లల్లా లేస్తాయి. అన్నీ ఉంచితే అక్కడ ముడి పడుతుంది, కొమ్మ చేతికర్రలా తయారవుతుంది. రెండు ఉంచి తక్కినవి తీసేస్తారు. ఆ రెండింటికీ రెండేసి ఆకులు వదిలి మిగతాది కత్తిరిస్తారు. వందల కొనలు, ప్రతి కొన దగ్గరా ఈ నిర్ణయం. కుండీ మార్చేదీ ఈ రోజుల్లోనే. చాపలా అల్లుకున్న వేర్ల ముద్దను పదునైన రంపంతో అడుగున కోసి, కొక్కెంతో విప్పి, కొత్త కనుమా మట్టిలో కూర్చోబెట్టి, పైన నాచు తురుము పరుస్తారు. అప్పుడు జపాన్‌లో ముసురు కాలం. గాలిలో తేమ ఉంటుంది, వేరు కోసినా ఆకు వాడదు. కుండీ మార్చని చెట్లకు ఎరువు పడుతుంది. ఆవజాతి గింజల నూనె తీసిన చెక్కను ఉండలు చేసి మట్టి మీద పెడతారు. నీళ్లు పోసినప్పుడల్లా సారం కొద్దికొద్దిగా దిగుతుంది. పూత మీద ఉన్నప్పుడు మాత్రం ఎరువు పెట్టరు.

జూలై, ఆగస్టు నెలల్లో వచ్చే ఏటి పూమొగ్గ కొమ్మ కొనన రూపు దిద్దుకుంటుంది. కంటికి కనిపించడానికి ఇంకా సమయం పడుతుంది, కానీ పని లోపల మొదలైపోతుంది. ఆ తర్వాత కత్తెర పట్టినవాడు ఆకులను కోస్తున్నానని అనుకుంటాడు, కోసేది వచ్చే జూన్ పూతను. ‘మా అజేలియా ఆకులు బ్రహ్మాండంగా ఉన్నాయి, పువ్వే రాదు’ అనే మాట ఏ దేశంలో విన్నా, కారణాల్లో మొదట అడగవలసింది ఎప్పుడు కత్తిరించారన్నదే.

శీతాకాలం నాటికి మొగ్గలను వేళ్లతో తడిమితే తేడా తెలుస్తుంది. బొద్దుగా ఉన్నది పువ్వు, సన్నగా ఉన్నది ఆకు. ఇక్కడ ఖజానా లెక్క మళ్లీ వస్తుంది. చెట్టు ఇంకా తయారీలో ఉంటే పూమొగ్గలన్నీ గిల్లేస్తారు. ఆ ఏడు పువ్వు చూడరు. పేరున్న చెట్లకు కూడా ఏటా నిండు పూత అడగరు, కొన్నేళ్లు విశ్రాంతి ఇస్తారు. ప్రదర్శనకు పెట్టే ఏడు సైతం మొగ్గలు పలచన చేస్తారు, ముఖ్యంగా నీరసంగా ఉండే తల భాగంలో. ఒక మంచి చెట్టు పూతను దాని యజమానే వరసగా కొన్నేళ్లు చూడకుండా ఉండగలగడం, అదీ పూల కోసమే పెంచే చెట్టు విషయంలో, నాకు ఈ విద్యలో అన్నిటికన్నా గౌరవం కలిగించిన సంగతి.

ఒకే కొమ్మన నాలుగు రంగులు

రంగుల సంగతి విడిగా చెప్పాలి. ‘ఒసకజుకి’ లాంటి పాత రకాలు ఒకే గులాబీ రంగు. ‘కిన్సాయ్’ రేకులు సన్నగా చీలి ఎర్రని దారాల్లా ఉంటాయి. ఎక్కువ మందిని ఆకర్షించేవి మాత్రం ‘నిక్కో’ వంటి పలురంగుల రకాలు. చెట్టు కణాల్లో రంగును పుట్టించే జన్యువు కొన్నింట పనిచేస్తుంది, కొన్నింట నిద్రపోతుంది. మొగ్గలో ఆ కణాలు ఏ వాటాలో పడితే పువ్వు ఆ రూపున వస్తుంది. తెలుపు, తెలుపులో చార, సగం సగం, నిండు ఎరుపు. ఇందులో ఒక చిక్కుంది. ఒక కొమ్మ నిండు ఎరుపుకు మారిందంటే దాని పిల్లకొమ్మలూ ఎరుపే పూస్తాయి. అలాంటివాటిని ఊరుకుంటే కొన్నేళ్లకు చెట్టంతా ఒకే రంగవుతుంది. కాబట్టి ఎర్ర కొమ్మలను తగ్గించి, తెలుపు మీద చారలు పూసేవాటిని కాపాడుకోవాలి. అది తెలిసేది పూత ఉన్న రెండు వారాలే. ఏ కొమ్మకు ఏం పూసిందో అప్పుడే గుర్తు పెట్టుకోవాలి. పువ్వు రాలాక అన్ని కొమ్మలూ ఒక్కలాగే ఉంటాయి.

1970లలో జపాన్‌లో ఈ రంగుల కోసం జనం ఎగబడ్డారు. కొత్త రకాల ధరలు ఆకాశాన్నంటాయి. తర్వాత ఆ జోరు తగ్గింది. కొమ్మ కత్తిరించి తడి కనుమా మట్టిలో గుచ్చితే వేరు పోసే మొక్క ఇది. అలాంటి సరుకు ఎన్నాళ్లు అరుదుగా ఉంటుంది? అరుదుగా మిగిలేది పాత మొదలు, దాని మీద కొన్ని దశాబ్దాల చేతిపని.

మన నీళ్లలో ఎందుకు బతకదు

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో మేడ మీద సాత్సుకి పెంచుదామని ఉబలాటపడేవారికి నిజం చెప్పడం మంచిది. పూమొగ్గ విచ్చుకోవాలంటే దానికి ముందు కొన్ని వారాల పాటు పది డిగ్రీల లోపు చలి తగలాలి. మన మైదానాల్లో ఆ చలి అన్నాళ్లు నిలవదు. ఒకవేళ ఆకుగా బతికినా, చాలా ఊళ్లలో బోరు నీరు ఉప్పదనం, సున్నం కలిసిన కఠిన జలం. ఆ నీటితో మట్టి క్షారం వైపు తిరుగుతుంది. మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందదు. కొత్త ఆకులు పసుపుగా, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా మిగులుతాయి. వేసవి వడగాలికి కుండీ ఒక్క మధ్యాహ్నంలో ఎండిపోతుంది, వెంట్రుక వేర్లు మళ్లీ కోలుకోవు. నేరం పెంచినవారిది కాదు.

చూడాలనుకునే తెలుగువాళ్లకు దారులు లేకపోలేదు. టోక్యోలో మనవాళ్లు ఎక్కువగా ఉండే నిషి కసాయ్ నుంచి ఉయెనో మెట్రో దూరమే, ప్రదర్శన రోజుల్లో ఒక పూట చాలు. కనుమాకు ఉదయం బయల్దేరి సాయంత్రానికి తిరిగి రావచ్చు. అమెరికాలో వాషింగ్టన్ చుట్టుపక్కల వర్జీనియా, మేరీలాండ్‌లలో స్థిరపడినవారికి నేషనల్ అర్బొరేటమ్ ఉంది. అక్కడి కొండవాలు మీద ఏప్రిల్ చివర పూసే గ్లెన్ డేల్ అజేలియాల తయారీలో జపాన్ సాత్సుకిలనూ వాడారు. అదే ఆవరణలో బోన్సాయ్ మ్యూజియం కూడా ఉంది. ఆ చలి ప్రాంతాల్లో పెరటి కుండీలో సాత్సుకి పెంచుకోవడం మనవాళ్లకూ సాధ్యమే. పిల్లలుంటే ఒక హెచ్చరిక. ఆకు, పువ్వు, తేనె అన్నీ విషమే. నోట్లో పెట్టుకోనివ్వకూడదు, కుక్కలనూ నమలనివ్వకూడదు. ఆకులు వెండిరంగు పొడలతో వెలిసినట్టు కనిపిస్తే తిప్పి చూడండి. అడుగున రసం పీల్చే జాలరెక్కల నల్లి ఉంటుంది. నీటి ధారతో కడిగి, వేపనూనె కొడితే మొదట్లోనే అదుపులోకి వస్తుంది.

ఇక్కడే ఉండి చేతికి పని చెప్పాలనుకుంటే నేను చూపించే మొక్క నూరువరహాలు. అజేలియాకు బంధువు కాదు గానీ స్వభావంలో కొంత పోలిక ఉంది. దానికీ ఆమ్లపు మట్టి ఇష్టం, సున్నపు నీళ్లకు అదే తీరున ఆకు పసుపెక్కుతుంది. మన ఎండకు మాత్రం జంకదు. చిన్నాకు రకం తీసుకోండి. పాతబడి మొదలు లావెక్కిన మొక్క దొరికితే ఇంకా నయం. కడియం వైపు నర్సరీల్లో వెతకొచ్చు. ఎర్రమట్టిలో బాగా చివికిన ఆకుల ఎరువు, కొబ్బరిపొట్టు కలపండి. వానాకాలంలో డాబా మీద నీళ్లు పట్టి డ్రమ్ములో దాచుకుని కుండీకి అవే పోయండి. ఆకు పసుపు తిరిగితే నర్సరీల్లో దొరికే చీలేటెడ్ ఇనుము ఇవ్వండి. పూగుత్తి వాడగానే కాయ కట్టనివ్వకుండా రెండు ఆకుల మీదికి కత్తిరించండి. కోసిన చోట రెండు చిగుళ్లు వస్తాయి, వాటి కొనల మీదే మళ్లీ పూత. మొదటి రెండేళ్లు కొమ్మలు కుదిరేదాకా గుత్తులు కనిపించగానే గిల్లేయండి. కొమ్మ కత్తిరించిన ప్రతిసారీ ముక్కలను పారేయకుండా తడి ఇసుకలో గుచ్చి నీడన పెడితే, జూలై వానల్లో పెట్టినవాటిలో చాలావరకు వేరు పోస్తాయి.